ఎనిమిది బార్ల దగ్గరే ఆగిపోతున్న తమ్ముడికి

ప్రశ్న: అన్నయ్యా, మాది భీమవరం దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయింది. నాన్నగారు లీజుకు తీసుకున్న రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. చాలా రాత్రుళ్లు చెరువు కాపలా నాదే. ఆదివారం చర్చిలో కీబోర్డ్ వాయిస్తాను, ఇంట్లో కూడా ఒక పాత యమహా ఉంది. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే ప్రాణం. కాలేజీలో కొన్న లాప్‌టాప్ ఉంది, 8 జీబీ ర్యామ్. ఫ్రెండ్ ఒకడు క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తానంటున్నాడు. స్టూడియో స్పీకర్లు, ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైకు, మిడి కీబోర్డ్ లిస్టు రాసుకుంటే 80 వేలు తేలింది, అప్పు చేద్దామనుకుంటున్నాను. ఇప్పటిదాకా ఒక్క ట్రాకూ పూర్తి చేయలేదు. ఎనిమిది బార్ల (నాలుగేసి దెబ్బల ఆవర్తాలు ఎనిమిది) లూప్ చేస్తాను, గంటల తరబడి అదే తిప్పి తిప్పి వింటాను, తెల్లారేసరికి మొహం మొత్తేస్తుంది. కర్ణాటక సంగీతం రాకుండా కుదురుతుందా? హైదరాబాద్ వెళ్లి కోర్సు చేయాలా? దీని మీద బతకొచ్చా? "మిషన్ వాయించేది కూడా సంగీతమేనా" అంటారు నాన్నగారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ,

ముందు ఆ అప్పు మాట మానెయ్. నీ లిస్టులో ఉన్న నాలుగింటిలో ఈ రోజుకి నీకు తప్పనిసరైనది ఒక్కటీ లేదు. ఎందుకు లేదో విడివిడిగా చెబుతాను. రేపు షాపులో ఎవరైనా "ఇది లేకుండా ఎలా బాబూ" అంటే నువ్వు తడుముకోకూడదు.

స్టూడియో స్పీకర్ల సంగతి చూద్దాం. నీ గది పదడుగులు ఉంటుందనుకో. ఎదురెదురు గోడల మధ్య పదడుగుల దూరం ఉంటే దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఆ గోడల మధ్యే నిలిచిపోతుంది. కిక్ డ్రమ్ (అడుగున దుమ్ముమనే దెబ్బ) బరువంతా ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. గోడ పక్కన నిలబడితే బేస్ దద్దరిల్లుతుంది, గది మధ్యకి వస్తే సగం మాయమవుతుంది. లక్ష రూపాయల స్పీకర్లు పెట్టినా ఆ గది అలాగే మోగుతుంది. గోడ దగ్గర కూర్చున్న నువ్వేమో కిక్ ఎక్కువైందనుకుని తగ్గిస్తావు, అదే ట్రాక్ కారులో వింటే చప్పగా ఉంటుంది.

కండెన్సర్ మైకు ఇంకా తొందరపాటు. అది ఫ్యాను గాలి, పక్కింటి మిక్సీ, రేకుల మీద వాన అన్నీ పట్టేస్తుంది. నువ్విప్పుడు గొంతులు రికార్డ్ చేయడం లేదు కదా. ఆడియో ఇంటర్‌ఫేస్ అనేది మైకో గిటారో లోపలికి తీసుకోవడానికి, అవి లేనప్పుడు లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ సాకెట్ చాలు. విండోస్‌లో కీ నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోందంటే అది డ్రైవర్ తంటా. ఏసియోఫర్ఆల్ అని ఉచిత డ్రైవర్ ఉంది, వేసుకో. తర్వాత సెట్టింగుల్లో బఫర్ సైజు చూడు, అంటే లాప్‌టాప్ ఒక్కో విడతలో సిద్ధం చేసుకునే శబ్దం ముక్క ఎంతో. సెకనుకి 44,100 శాంపిల్ రేటు మీద బఫర్ 512 ఉంటే ఆలస్యం దాదాపు 12 మిల్లీసెకన్లు, 128 పెడితే 3 మిల్లీసెకన్లు. వాయించేటప్పుడు తగ్గించుకో. ట్రాక్ బరువెక్కి లాప్‌టాప్ నీరసించి శబ్దం చిటపటలాడితే పెంచుకో.

ఇక మిడి కీబోర్డ్. మీ యమహాని తిప్పి వెనక చూడు. చాలా మోడళ్లకి "యూఎస్‌బీ టు హోస్ట్" అని చదరపు సాకెట్ ఒకటి ఉంటుంది. ప్రింటర్‌కి వాడే కేబుల్‌తో దాన్ని లాప్‌టాప్‌కి కలిపితే అదే నీ మిడి కీబోర్డ్. కొన్నిటికి యమహా వాళ్ల డ్రైవర్ వేసుకోవాలి, అది వాళ్ల సైట్‌లో ఉచితమే. మిడి అంటే 1983లో వచ్చిన పద్ధతి. అందులో శబ్దం ఉండదు. ఏ కీ నొక్కావు, ఎంత గట్టిగా నొక్కావు, ఎప్పుడు వదిలావు అన్న సమాచారం మాత్రమే లాప్‌టాప్‌కి వెళ్తుంది. అందుకే పాత కీబోర్డ్ అయినా పర్వాలేదు, దానిలోని శబ్దాలతో మనకి పని లేదు.

కొనేది ఒకటే ఉంది: వైరు ఉన్న, చెవిని పూర్తిగా మూసే స్టూడియో హెడ్‌ఫోన్లు. ఐదారు వేలలో మంచివి వస్తాయి. బ్లూటూత్‌వి వద్దు, వాటిలో శబ్దం సెకనులో పదో వంతు కంటే ఎక్కువే వెనకబడుతుంది, వాయించడం కుదరదు. వాల్యూమ్ విషయంలో మాత్రం నా మాట విను. వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ల దాకా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంతకు మించి పెంచిన కొద్దీ ఆ గంటలు గబగబా తరిగిపోతాయి. గంటల తరబడి ఒకే లూప్ వింటానన్నావు చూడు, నాకు భయం వేసింది అక్కడే. చెవిలో గుయ్యిమనే మోత ఒకసారి స్థిరపడితే చాలామందికి అది పోదు. ఈ పనిలో చెవి కంటే ఖరీదైన సామాను లేదు.

సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. క్రాక్ వద్దు. వాటితో పాటు వైరస్‌లు వస్తాయి, పైగా ఉచితంగా, తక్కువకి మంచివి దొరుకుతున్నప్పుడు ఇంకొకరి కష్టాన్ని దొంగిలించాల్సిన పనేముంది? ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ నడిచే బ్యాండ్‌ల్యాబ్ ఉచితం. ఎల్ఎంఎంఎస్ ఉచితం. రీపర్‌ని 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడొచ్చు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌కి గడువు లేదు, పాటని ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. కాకపోతే సేవ్ చేసిన ప్రాజెక్టుని కొనేదాకా మళ్లీ మామూలుగా తెరవనివ్వదు. ఒకసారి కొంటే మాత్రం జీవితాంతం అప్‌డేట్లు ఉచితం. బీట్లు కట్టడం మీద ఆసక్తి ఉన్నవాళ్లకి అది చేతికి తొందరగా అలవాటవుతుందని నా అభిప్రాయం. ఏదో ఒకటి ఎంచుకుని ఒక ఏడాది దాన్ని వదలకు. మూడు సాఫ్ట్‌వేర్లు ఓ మోస్తరుగా వచ్చినవాడి కంటే ఒకటి కళ్లు మూసుకుని వాడేవాడే ట్రాక్ పూర్తి చేస్తాడు.

ఇప్పుడు నీ అసలు జబ్బు దగ్గరికి వద్దాం. నీకు లేనిది సామాను కాదు, పూర్తయిన ట్రాకు. ఎనిమిది బార్ల దగ్గర ఆగిపోవడం నీ ఒక్కడికే కాదు, మొదలుపెట్టిన ప్రతివాడికీ ఉండేదే. లెక్క వేసి చూడు. 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు) టెంపోలో నాలుగు దెబ్బల బార్ ఒకటి రెండు సెకన్లు. ఎనిమిది బార్లు 16 సెకన్లు. మూడు నిమిషాల ట్రాక్ కావాలంటే 90 బార్లు, అంటే నీ లూప్ లాంటివి దాదాపు పదకొండు. ఆ పదకొండింటికీ కొత్త ట్యూన్లు కట్టాలని నీ భయం. అదే పొరపాటు.

చర్చిలో నువ్వు వాయించే కీబోర్డ్ మీద ఇంట్రో, మెయిన్ ఏ, మెయిన్ బీ, ఫిల్, ఎండింగ్ అని బటన్లు ఉంటాయి కదా. పల్లవికి అందరూ గొంతు కలిపితే మెయిన్ బీ నొక్కుతావు, చరణంలో ఒక్కరే పాడుతుంటే తగ్గించి మెయిన్ ఏ లోకి వస్తావు, మారే ముందు ఒక ఫిల్ వేస్తావు, చివరి పల్లవికి ముందు రిథమ్ ఆపేసి తీగల శబ్దం మీద రెండు లైన్లు పాడిస్తావు. జనం ఎప్పుడు ఊపిరి తీసుకుంటారో, ఎప్పుడు చప్పట్లు కొడతారో నీకు తెలుసు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో అరేంజ్‌మెంట్ అనేది పూర్తిగా ఇదే పని. ఇన్నాళ్లూ కీబోర్డ్ లోపల ఎవరో ముందే కట్టి పెట్టిన స్టైల్‌ని నడిపించావు. ఇప్పుడు ఆ స్టైల్ కూడా నువ్వే కట్టుకోవాలి, అంతే తేడా.

పద్ధతి ఇలా పెట్టుకో. నీకు బాగా ఇష్టమైన ట్రాక్ ఒకటి తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో విడి ఛానెల్ మీద వెయ్యి. దాని టెంపో కనుక్కుని ప్రాజెక్టుని అదే టెంపోకి మార్చు. హౌస్ మ్యూజిక్ అయితే 120 నుంచి 130 మధ్య, డ్రమ్ అండ్ బేస్ అయితే 170 దాటి ఉంటుంది. కాగితం పెట్టుకుని ప్రతి ఎనిమిది బార్లకీ ఏం లోపలికి వచ్చింది, ఏం బయటికి పోయింది రాసుకో. ఒక పేజీ నిండేసరికి నీకే తెలుస్తుంది. మూడు నిమిషాల్లో కొత్త ట్యూన్లు ఒకటో రెండో ఉంటాయి, మిగతాదంతా రాకపోకలే. ఆ మార్పులు వచ్చిన చోటల్లా టైమ్‌లైన్ మీద మార్కర్లు పెట్టు. పందిరి వేసేవాళ్లు ముందు గుంజలు పాతుకుని తర్వాత కొబ్బరాకులు కప్పుతారే, అలాగన్నమాట. తర్వాత ఆ ట్రాక్‌ని మ్యూట్ చేసెయ్.

ఇక నీ లూప్‌ని మొదటి నుంచి చివరిదాకా 88 బార్లు కాపీ చేసి పరిచెయ్. ఇప్పుడు చేసేది తీసెయ్యడం. నీ లూప్‌లో కిక్, హ్యాట్ (చిక్ చిక్ మనే చిన్న తాళం), క్లాప్ (చప్పట్ల శబ్దం), బేస్, కార్డ్స్, ఒక ట్యూన్ ఉన్నాయనుకో. మొదటి ఎనిమిది బార్లలో కార్డ్స్ మాత్రం ఉంచు, అవీ ఫిల్టర్‌తో పై శబ్దాలు తగ్గించి మసకగా. తొమ్మిదో బార్‌కి హ్యాట్ రానివ్వు. పదిహేడో బార్‌కి కిక్ పడాలి, బేస్ మాత్రం ఇంకా రాకూడదు. వినేవాడి ఒళ్లు బేస్ కోసం ఎదురుచూడాలి. ఇరవై ఐదో బార్‌లో బేస్ వచ్చేసరికి అదే పాత లూప్ కొత్తగా వినిపిస్తుంది. ట్యూన్‌ని ముప్పై మూడో బార్ దాకా దాచు. అక్కడి నుంచి పదహారు బార్లు అన్నీ కలిపి నడిపించి, నలభై తొమ్మిదో బార్‌లో కిక్, బేస్ రెండూ ఒక్కసారిగా తీసెయ్. ట్యూన్ తేటగా పైకి వినిపిస్తుంది. అక్కడ దానికి కొంచెం రివర్బ్ (ప్రతిధ్వని) పెంచు. అరవై ఐదో బార్‌కి ముందు ఒక్క దెబ్బ కాలం పూర్తి నిశ్శబ్దం పెట్టి అన్నిటినీ మళ్లీ వదులు. ఆ ఒక్క ఖాళీ దెబ్బ చేసే పని ఖరీదైన ప్లగిన్లు చేయలేవు. చివరి ఎనిమిది బార్లలో ఒక్కొక్కటే వెళ్లిపోనీ.

ఇది మొదటి ట్రాక్ కాబట్టి రెండు వారాల గడువు పెట్టుకో. పదిహేనో రోజున ఎలా ఉన్నా ఎక్స్‌పోర్ట్ చేసి పేరు పెట్టి తేదీ వేసి పక్కన పెట్టు. బాగాలేదని మళ్లీ అందులో దూరకు. ఐదో ట్రాక్ చేసేసరికి మొదటి దానిలో ఏం తప్పుందో నీకే వినిపిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. పూర్తి చేయని పనిలోంచి ఆ పాఠం రాదు.

శబ్దాల విషయం చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. అందరూ ఒకే శాంపిల్ ప్యాక్‌లు (ముందే రికార్డ్ చేసి పెట్టిన శబ్దాలు) దించుకుంటారు, అందుకే అందరి ట్రాకులూ ఒకేలా ఉంటాయి. నీకు చెరువులో నీళ్లని చిమ్మి గాలి కలిపే రెక్కల యంత్రాలు, ఏరియేటర్లు ఉన్నాయి. గాలి తక్కువున్నప్పుడు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గాలి వచ్చే వైపు వీపు పెట్టి నిలబడి, గట్టు మీద నుంచే రెండు నిమిషాలు రికార్డ్ చెయ్. నీళ్లలోకి దిగకు, అక్కడ కరెంటు ఉంది. యాప్‌లో వేవ్ ఫార్మాట్ ఉంటే అదే పెట్టుకో.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లలో విను. దూరం నుంచి ఒకే హోరులా వినిపించేది దగ్గర చేసిన రికార్డింగ్‌లో విడిపోతుంది. రెక్క నీళ్లని కొట్టే చప్పుడు ఒకటి, ఎగిరిన తుంపర మళ్లీ పడే సన్నని శబ్దం ఒకటి, గేర్‌బాక్స్ మూలుగు ఒకటి. సాఫ్ట్‌వేర్‌లో ఆ రికార్డింగ్‌ని పెద్దది చేసి చూడు, ఎత్తుగా లేచిన గీతలే రెక్క దెబ్బలు. వాటిలో శుభ్రంగా ఉన్న ఒక్క దెబ్బని మొదలుకి ఆనుకుని కత్తిరించు, చివర చిన్న ఫేడ్ ఇవ్వు, లేకపోతే టిక్కుమంటుంది. ఈక్వలైజర్‌తో 5,000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసెయ్. ఇప్పుడు అది హై హ్యాట్. అదే దెబ్బని పన్నెండు సెమీటోన్లు (పన్నెండు కీల దూరం) కిందికి దించు, పొడవు రెట్టింపై బరువుగా మోగుతుంది. దాన్ని క్లాప్ కింద కలిపి చూడు. తుంపర శబ్దాన్ని పొడవుగా పరిచి బాగా తగ్గించి వెనక పెడితే ట్రాక్ అంతటికీ ఒక తడి వస్తుంది.

ఇంకో విశేషం ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనేది ముఖ్యంగా దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర. కీబోర్డ్ మీద ఎడమ వైపున్న జీ స్వరం 98 హెర్ట్జ్. అంటే ఊరి ట్రాన్స్‌ఫార్మర్లన్నీ జీ కి కాస్త పైన, మన లెక్కలో ఐదు శ్రుతికి కాస్త పైన మోగుతూ ఉంటాయి. కంచెకి ఇవతల దూరంగా నిలబడి ఆ మోత రికార్డ్ చేసి, ఫైన్ ట్యూన్‌లో 35 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) కిందికి దించు. సరిగ్గా జీ లో పడుతుంది. తంబురా బదులు ఆ మోతని శ్రుతిగా పెట్టి దాని మీద జీ, ఏ, బీ, డీ, ఈ స్వరాలతో ఏదైనా వాయించి చూడు. అది మోహన రాగం మెట్లు. నీ ఊరి కరెంటు మీద మోహనం వాయించిన ట్రాక్ ఇంకెవరి దగ్గరా ఉండదు.

సింథసైజర్, అంటే శబ్దాన్ని మొదటి నుంచి పుట్టించే వాయిద్యం, నేర్చుకోవడానికి వైటల్ గానీ సర్జ్ ఎక్స్‌టీ గానీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ప్రీసెట్లు వెతుక్కుంటూ సాయంత్రాలు పోగొట్టుకోకు. ఖాళీ ప్యాచ్ తెరిచి, ఆసిలేటర్‌లో (శబ్దం పుట్టే భాగం) సా వేవ్ అనే గరుకు శబ్దం పెట్టి, పై శబ్దాలు కోసే లో పాస్ ఫిల్టర్‌ని మెల్లగా మూస్తూ విను. తర్వాత ఎన్వలప్ చూడు. శబ్దం ఎంత తొందరగా లేవాలి, ఎంతలో తగ్గాలి, కీ పట్టుకున్నంతసేపు ఎంత ఉండాలి, వదిలాక ఎంతసేపు సాగాలి అన్న నాలుగు సంగతులే అందులో ఉంటాయి. లేవడం నెమ్మది చేస్తే తీగల బృందం, తొందర చేసి వెంటనే తగ్గిస్తే ప్లక్, అంటే తీగ మీటినట్టు. ఒక వారం ఈ రెండింటితోనే ఆడుకో.

కర్ణాటక సంగీతం రాకపోతే కుదరదా అన్నావు. కుదురుతుంది, కానీ వస్తే నీకే లాభం. కీబోర్డ్ వాయించేవాడివి కాబట్టి కొంత నీకు తెలిసిందే. మేజర్ స్కేల్ మన శంకరాభరణం, హార్మోనిక్ మైనర్ మన కీరవాణి. తెలియాల్సింది గమకం. కీబోర్డ్ మీద స్వరం మెట్టు మీద మెట్టుగా దూకుతుంది, మన పాటలో జారుతుంది, ఊగుతుంది. సింథ్‌లో గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) ఆన్ చేసి, పిచ్ బెండ్ వీల్ పరిధి రెండు సెమీటోన్లు పెట్టుకుని, ఒక్క గాంధారాన్ని ఊపడం సాధన చెయ్. కుదిరితే మీ దగ్గర్లో సన్నాయి వాయించేవారి పక్కన కూర్చుని విను. పెళ్లి మేళం వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే కాదనరు. డప్పు నడక కూడా గమనించు. మూడేసి దెబ్బల తిశ్ర నడక వస్తే గ్రిడ్‌ని ట్రిప్లెట్‌కి మార్చుకోవాలి. వెలాసిటీ, అంటే దెబ్బ బలం, సున్నా నుంచి 127 దాకా ఉంటుంది కదా, అన్ని దెబ్బలూ ఒకే బలంతో పెడితేనే ట్రాక్ మిషన్‌లా వినిపిస్తుంది. డప్పు వాయించేవాళ్ల చెయ్యి చూస్తే ఏ దెబ్బ బరువో, ఏది తేలికో అర్థమవుతుంది.

మిషన్ అనే మాట వచ్చింది కాబట్టి నాన్నగారికి ఒక సంగతి చెప్పు. ఈ రోజు ప్రతి భజనలోనూ, ప్రతి పద్య నాటకంలోనూ ఉండే హార్మోనియం బయటి దేశం నుంచి వచ్చిందే. అది గమకం పలకదని 1940లో ఆకాశవాణి నిషేధించింది, ఆ నిషేధాన్ని 1971లో గానీ సడలించలేదు. ఎలక్ట్రానిక్ సంగీతం కూడా మన దేశానికి కొత్తేమీ కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. బొంబాయిలో సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లోనే రోలాండ్ డ్రమ్ మెషీన్ దరువు మీద సింథసైజర్‌తో రాగాలు వాయించి రికార్డ్ చేశారు. ప్రపంచం దాన్ని గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టింది, అది వేరే కథ.

మిక్సింగ్ గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను, ఐదారు ట్రాకులు పూర్తయ్యాక దాని అవసరం నీకే తగులుతుంది. మొత్తం శబ్దాన్ని చూపే మాస్టర్ మీటర్ మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా అన్నీ తగ్గించి పెట్టుకో. కిక్, బేస్ తప్ప మిగతా వాటిలో అడుగు శబ్దం ఈక్వలైజర్‌తో కోసెయ్. ఫోన్ స్పీకర్‌లో తప్పకుండా విను, మన జనం వినేది దానిలోనే. ఫోన్ స్పీకర్ 50, 60 హెర్ట్జ్ పలకలేదు. కాబట్టి బేస్ మీద కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే పై శబ్దాలు పుట్టి, బేస్ ఉన్నట్టు చెవికి తెలుస్తుంది.

కోర్సు సంగతి. పది ట్రాకులు పూర్తి చేసేదాకా ఎక్కడా ఫీజు కట్టకు. ఆ తర్వాత పద్ధతిగా చదవాలనిపిస్తే చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ 2008 నుంచి ఉంది, మ్యూజిక్ టెక్నాలజీ కూడా నేర్పుతారు. ఎక్కడ చేరినా ముందు అక్కడ చదివినవాళ్లు చేసిన ట్రాకులు అడిగి విను. ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల జోలికి వెళ్లకు.

బతకొచ్చా అన్నదానికి నిజమే చెబుతాను. స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోకు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు దాటితేనే లెక్కలోకి తీసుకుంటున్నారు, దాటినా వచ్చేది స్వల్పం. నీ చుట్టూ మాత్రం పని ఉంది. భీమవరం, పాలకొల్లు, తణుకులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలకి సొంత మ్యూజిక్ కావాలి, ఎందుకంటే సినిమా పాట వేస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లకి బీజీఎం కావాలి. చర్చి పాటల ఆల్బమ్‌లకి ట్రాక్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు కావాలి, ఆ లోకంలో నువ్వు ముందే ఉన్నావు. మొదట్లో రెండు మూడు చిన్న పనులు ఊరికే చేసినా పర్వాలేదు, తర్వాత ఊరికే చెయ్యకు, రేటు చెప్పడం అలవాటు చేసుకో. సినిమా పాటల గొంతులు తీసుకుని రీమిక్సులు చేయడం నేర్చుకోవడానికి ఇంట్లో బాగుంటుంది, బయట అమ్మడానికి హక్కుదారుల అనుమతి కావాలి. చెరువుల పని వదిలెయ్యమని మాత్రం చెప్పను. దీని నుంచి నెల నెలా డబ్బు కనిపించడానికి ఏళ్లు పట్టొచ్చు.

ఇక నీ టైమ్. రాత్రి కాపలాలో లాప్‌టాప్ ముందేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ముందు తెలియాల్సింది నీ చెవికే. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, నువ్వు లూప్‌లో మునిగిపోయేది కూడా అప్పుడే. కాపలా రాత్రుళ్లకి కాగితం పని పెట్టుకో. పాటలు ఎనిమిదేసి బార్లుగా విప్పి రాసుకోవడం ఫోన్ స్పీకర్ మీద చిన్న సౌండుతో అయిపోతుంది. శబ్దాల రికార్డింగ్ కూడా ఆ టైములోనే చెయ్యొచ్చు. హెడ్‌ఫోన్ల పని పగలు, మేత వేసి వచ్చి భోంచేసి నిద్రపోయి లేచాక, గంటన్నర చాలు. లాప్‌టాప్‌ని గట్టు మీదకి తీసుకెళ్లకు, ఆ ఉప్పు గాలికి పోర్టులు తుప్పు పడతాయి. హెడ్‌ఫోన్లని సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టుకో. ప్రాజెక్టుల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచు, ఆటోసేవ్ ఐదు నిమిషాలకి పెట్టుకో. రెండు వారాల తర్వాత ఎంపీత్రీ పంపు, ఎలా ఉన్నా సరే, మొదటి నుంచి చివరిదాకా ఉండాలి.